వేలంపాటకు వచ్చిన ఇల్లు

ఒక శుక్రవారం జుమా నమాజు ముగించుకుని కర్నూలు పాతబస్తీలోని ఒక మస్జిదు మెట్లు దిగుతున్నాము. మా మిత్రుడొకరు జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన దినపత్రిక కాగితం తీసి మా చేతిలో ఉంచారు. అది ఒక బ్యాంకు ప్రచురించిన వేలం ప్రకటన. రుణగ్రహీత పేరు, హామీదారు పేరు, రావలసిన బాకీ, ఇంటి నలుదిక్కుల హద్దులు, సర్కారు పాట, ధరావతు సొమ్ము, వేలం జరిగే తేదీ, గంట అన్నీ చిన్న చిన్న అక్షరాలలో అందులో ఉన్నాయి. మిత్రుడు పదకొండేళ్లు గల్ఫ్‌లో కష్టపడి తిరిగివచ్చిన మనిషి. ఇద్దరు ఆడపిల్లలు. ఇప్పటికీ అద్దె ఇల్లే.

"ఇదే వీధిలో బయట యాభై లక్షలు చెబుతున్నారు. ఇక్కడ పాట నలభైకి మొదలు. అల్లాహ్ మా కోసం తెరిచిన తలుపేమో అనిపిస్తున్నది. మీరేమంటారు?" అని అడిగారు.

చూడకుండా ఏమీ అనలేమని చెప్పాము. మరునాడు అసర్ తరువాత ఇద్దరం కలిసి ఆ ఇంటికి వెళ్లాము. తలుపు తీసినది డెబ్బై ఏళ్లు దాటిన ఒక తల్లి. మేము బ్యాంకు నుంచి వచ్చామనుకుని మొదట కంగారుపడ్డారు. కాదని తెలిశాక, ఎవరమో అడగకుండానే కూర్చోమని చెప్పి మంచినీళ్లు తెచ్చారు. కుమారుడు లారీలకు బాడీలు కట్టే వర్క్‌షాపు నడిపేవాడట. 2020 లాక్‌డౌన్‌లో పని ఆగింది, వాయిదాలు ఆగాయి, వడ్డీ మాత్రం ఆగలేదు. గదులు కొలుచుకుందామని టేపు వెంట తెచ్చుకున్న మిత్రుడు దానిని జేబులోంచి బయటికి తీయలేకపోయారు. తిరిగివచ్చే దారిలో చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఇది కొంటే పాపమా? కొనకపోతే మరొకరు కొంటారు గదా?" అన్నారు.

ఆ రెండు ప్రశ్నలు ఆయన ఒక్కరివే కావు. కర్నూలులోనూ కడపలోనూ ఇలాంటి ప్రకటన చూసి మస్జిదు మెట్ల మీద సలహా అడిగేవారు ఎందరో ఉన్నారు. వాటికి జవాబు వెదుకుతూ మేము ఉలమాలను, న్యాయవాదులను, రిజిస్ట్రేషన్ కార్యాలయాల దగ్గర దస్తావేజులు వ్రాసేవారిని కలిసి తెలుసుకున్న విషయాలను ఇక్కడ పాఠకుల ముందు ఉంచుతున్నాము.

మొదటి మాట: వేలంలో కొనుగోలు దానంతట అది నిషిద్ధం కాదు. అనస్ (రజి) ఉల్లేఖించగా అబూ దావూద్, తిర్మిజీ, ఇబ్నె మాజా గ్రంథాలలో నమోదైన ఒక సంఘటన ఈ సందర్భంలో అందరూ గుర్తుచేస్తారు. అన్సారులలో ఒక పేదవాడు యాచించడానికి వచ్చినప్పుడు దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) అతని ఇంట్లో ఏమున్నదని విచారించారు. సగం పరచుకుని సగం కప్పుకునే ఒక దుప్పటి, నీళ్లు త్రాగే ఒక పాత్ర ఉన్నాయని తెలిసింది. వాటిని తెప్పించి, స్వయంగా చేతిలో పట్టుకుని, ఎవరు కొంటారని అడిగారు. ఒకరు ఒక దిర్హము అన్నారు. ఇంకా ఎవరు ఎక్కువ ఇస్తారని మళ్లీ అడిగారు. మరొకరు రెండు దిర్హములకు తీసుకున్నారు. ఒక దిర్హముతో ఇంటికి తిండి, మరొక దానితో గొడ్డలి. పదిహేను రోజులు కట్టెలు కొట్టి అమ్ముకుని రమ్మని ప్రవక్త (సఅసం) అతనిని పంపారు. అతడు పది దిర్హములు సంపాదించుకుని తిరిగివచ్చాడు. ఒకరు బేరమాడుతుండగా మరొకరు మధ్యలో దూరి బేరమాడరాదన్న నిషేధం బహిరంగ వేలానికి వర్తించదని ధర్మశాస్త్రవేత్తలు చెప్పడానికి ఈ సంఘటన కూడా ఒక ఆధారం.

అయితే ఆ వేలంలో సొమ్ము ఎవరికి చేరింది? అమ్ముడైన వస్తువు యజమానికే. అతడు వేలం తరువాత లేచి నిలబడ్డాడు. మన పత్రికలలో వచ్చే ప్రకటనలలోని వేలం అప్పులవాడి ఇంటిది. ఈ విషయంలో మన పూర్వ పండితులు ఏకాభిప్రాయంతో లేరు. బాకీ తీర్చలేనివాడి ఆస్తిని అమ్మించే అధికారం న్యాయమూర్తికి ఉన్నదని అత్యధికులు అన్నారు. కాని అతడు తలదాచుకునే ఇంటి సంగతి ఏమిటి? ఇమామ్ మాలిక్, ఇమామ్ షాఫయీ (రహ్మలై) అభిప్రాయంలో ఇల్లు కూడా అమ్మి, అతనికి అద్దె ఇల్లు చూడాలి. హంబలీ పండితుడు ఇబ్నె ఖుదామా మాత్రం, విధిగా అవసరమైన ఇంటిని అమ్మరాదని వ్రాశారు. అసలుపై వడ్డీ, వడ్డీపై వడ్డీ కలిసిన నేటి బాకీ అప్పటి గ్రంథాలలోని బాకీ వంటిది కాదన్నది మరొక చిక్కు. కనుక ఫలానా ఇల్లు కొనవచ్చునా అన్నదానికి పాఠకులు తమ ప్రాంతపు విశ్వసనీయులైన ముఫ్తీని అడిగి నడుచుకోవాలి. ఆ ఫత్వా ఇచ్చే అర్హత మాకు లేదు. మేము చెప్పగలిగినది వేలం ఎలా నడుస్తుందో, అందులో ఎవరి సొమ్ము ఎటు పోతుందో మాత్రమే.

మన ప్రాంతానికి వేలం కొత్త కాదు. 1800లో నిజాము నుంచి ఇంగ్లీషువారి చేతికి వెళ్లిన ఈ దత్తమండలాలలో థామస్ మన్రో రైతువారీ శిస్తు స్థిరపరచిన నాటినుంచీ, వాన తప్పిన ఏడు శిస్తు బాకీ పడటం, బాకీ పడిన భూమి జప్తు కావడం ఇక్కడి తాతముత్తాతలు చూసినదే. 1864 నాటి మద్రాసు రెవెన్యూ రికవరీ చట్టం పేరు మారి నేటికీ మన రాష్ట్రంలో అమలులో ఉన్నది. చావడి దగ్గర తప్పెట కొట్టి "ఒకటోసారి, రెండోసారి" అని పిలిచిన పాట ఇప్పుడు కంప్యూటరు తెరపైకి ఎక్కింది. ప్రభుత్వరంగ బ్యాంకుల వేలాల కోసం 2025 జనవరిలో బ్యాంక్‌నెట్ అనే కొత్త వేదిక వచ్చింది. ఇంట్లో కూర్చుని మీట నొక్కితే చాలు, పాట పెరుగుతుంది. ఎదురుగా మనుషులు లేకపోవడం వల్ల ఇల్లు ఎవరిదన్న ఆలోచన కూడా మాయమవుతున్నదేమోనని మాకు అనుమానం.

నేడు మనం చూసే ప్రకటనలలో అధికభాగం 2002 నాటి సర్ఫేసీ చట్టం క్రింద వచ్చేవే. కోర్టుకు వెళ్లకుండానే తనఖా ఆస్తిని అమ్ముకునే అధికారాన్ని ఆ చట్టం బ్యాంకులకు ఇచ్చింది. వాయిదాలు తొంభై రోజులు దాటితే ఖాతాను మొండి బాకీగా చూపుతారు. తరువాత పదమూడవ సెక్షను క్రింద అరవై రోజుల గడువుతో డిమాండు నోటీసు వస్తుంది. దానికి రుణగ్రహీత అభ్యంతరం వ్రాసి ఇస్తే పదిహేను రోజులలో బ్యాంకు జవాబు చెప్పవలసి ఉంటుంది. అరవై రోజులలో బాకీ తీరకపోతే ఆస్తిని స్వాధీనం చేసుకుంటారు. ఆపై అమ్మకానికి నోటీసు, పత్రికలో ప్రకటన, వేలం. స్వాధీనంపై అభ్యంతరం ఉన్నవారు నలభై అయిదు రోజులలో రుణ వసూలు ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు.

'స్వాధీనం' అన్న మాట దగ్గర కొనుగోలుదారు ఆగి చదవాలి. ప్రకటనలో సింబాలిక్ పొసెషన్ అని ఉంటే, బ్యాంకు గోడకు నోటీసు అంటించిందే తప్ప ఇల్లు ఖాళీ కాలేదని అర్థం. పాత యజమానో, అద్దెకున్నవారో లోపలే ఉంటారు. వారిని ఖాళీ చేయించడానికి బ్యాంకు జిల్లా మేజిస్ట్రేటును గాని, చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటును గాని ఆశ్రయించాలి. అందుకు నెలలు పట్టవచ్చు, ఏళ్లూ పట్టవచ్చు. తనఖా పెట్టకముందే చట్టబద్ధంగా అద్దెకు దిగినవారి హక్కు ఇంకొక విషయం. మేము చూసిన ఇంటి ప్రకటనలో ఉన్నది ఈ రకం స్వాధీనమే. అంటే పాట గెలిస్తే మా మిత్రుడు డబ్బంతా కట్టిన తరువాత, మంచినీళ్లిచ్చిన ఆ తల్లిని బయటికి పంపడానికి పోలీసులు వచ్చే రోజు కోసం ఎదురుచూడవలసి ఉండేది.

ఇక సొమ్ము లెక్క. నలభై లక్షల సర్కారు పాట ఉన్న ఇంటికి పదో వంతు, అంటే 4 లక్షలు ధరావతుగా ముందే కట్టాలనుకుందాం. పాట 44 లక్షల దగ్గర మన పేరున నిలిచింది. ఆ రోజే, లేదా మరుసటి పనిదినానికల్లా నాలుగో వంతు పూర్తికావాలి, అంటే 11 లక్షలు. ధరావతు పోగా వెంటనే 7 లక్షలు కావాలి. అమ్మకం ఖరారైన పదిహేను రోజులలో మిగిలిన 33 లక్షలు చెల్లించాలి. బ్యాంకు వ్రాతపూర్వకంగా ఒప్పుకుంటే గడువు పెరగవచ్చు గాని మూడు నెలలకు మించదు. కట్టలేకపోతే 11 లక్షలూ పోతాయి, ఆస్తిపై ఏ హక్కూ మిగలదు. కట్టిన పాతిక శాతాన్ని మొత్తంగా బ్యాంకు జప్తు చేసుకోవడం సరైనదేనని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు కూడా చెప్పింది. అనుకున్న ప్లాటు అమ్ముడుపోలేదనో, అప్పు మంజూరు కాలేదనో చెప్పే సాకులు అక్కడ చెల్లవు.

పదిహేను రోజులలో 33 లక్షలు ఎక్కడినుంచి వస్తాయి? మాకు తెలిసిన ఇళ్లలో జరిగినది చెబుతాము. మొదట భార్య నగలు గోల్డ్‌లోనుకు పోతాయి. అందులో మహ్ర్‌గా ఇచ్చినదెంత, పుట్టింటివారు పెట్టినదెంత అన్న లెక్క ఎవరూ వేయరు. అది ఆమె సొంత ఆస్తి, ఆమె మనస్ఫూర్తిగా ఇస్తే తప్ప ముట్టుకునే హక్కు భర్తకు లేదు. తరువాత నూటికి రెండు మూడు రూపాయల వడ్డీకి చేబదులు. చివరికి ఆ ఇంటినే తిరిగి తనఖా పెట్టి మరొక బ్యాంకు అప్పు. వడ్డీ వల్ల వీధిన పడిన కుటుంబం ఇంట్లోకి వడ్డీని వెంటబెట్టుకుని మరొక కుటుంబం చేరుతుంది. చేతిలో పూర్తి సొమ్ము లేనివారు ధరావతు కట్టకపోవడమే క్షేమమని మా గట్టి అభిప్రాయం. మా మిత్రునికి చేతిలో ఉన్నది 26 లక్షలు. ఆయన పాటలో పాల్గొనలేదు.

వేలం గురించి వ్రాసేవారు ఎక్కువగా కొనేవారి లాభనష్టాలే చెబుతారు. అప్పులవాడి వైపు లెక్క ఒకటున్నది, దానిని తెలిసినవారు తక్కువ. వేలంలో వచ్చిన సొమ్ములోంచి ఖర్చులు, బాకీ పోగా మిగిలినది ఇంటి యజమానికి చేరాలని చట్టం చెబుతున్నది. తక్కువ పడితే మిగతా బాకీ కోసం బ్యాంకు అతనిపై మళ్లీ దావా వేయవచ్చు. అంటే పాట ఒక లక్ష పెరిగితే ఆ లక్ష ఆ కుటుంబానికి మిగిలినట్టే, ఒక లక్ష తగ్గితే ఆ లక్ష ఆ కుటుంబం నెత్తిన మిగిలినట్టే.

ఈ లెక్క తెలిసిన తరువాత 'రింగు' అనే మాటకు అర్థం మారిపోతుంది. చెరువులో చేపల పాటైనా, చింతచెట్ల పాటైనా, సంత గేటు పాటైనా, పాడవలసిన నలుగురు ముందే టీకొట్టు దగ్గర కూడి, ఒకరు పాడేట్టు, తక్కినవారు తప్పుకునేట్టు, తప్పుకున్నందుకు తలా ఇంత పుచ్చుకునేట్టు మాట్లాడుకోవడం మన సీమలో ఎరుగనిదేమీ కాదు. దానిని తెలివి అనుకునేవారున్నారు. ఇళ్ల వేలానికీ ఆ తెలివి ప్రాకింది. కొనే ఉద్దేశం లేకుండా ధర పెంచడం కోసం పాడేవారిని ప్రవక్త (సఅసం) వారించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో 'నజష్' పేరుతో ఆ నిషేధం ఉన్నది. అక్కడ మోసపోయేది కొనేవాడు. రింగులో మోసపోయేది పాటలో నోరెత్తే అవకాశమే లేని ఇంటివాడు. తప్పుకున్నందుకు పుచ్చుకునే సొమ్ము నిజానికి అతని జేబులోనిదే. నమాజు వరుసలో మన ప్రక్కన నిలబడేవారిలోనూ ఇటువంటి సొమ్ము తీసుకున్నవారున్నారని తెలిసి మేము సిగ్గుపడ్డాము.

ఆ లారీ వర్క్‌షాపు ఇంటి మొదటి వేలానికి ఎవరూ రాలేదు. సర్కారు పాట తగ్గించి రెండోసారి పిలిచారు. ముప్పై ఆరు లక్షల చిల్లరకు పోయింది. పాడినవారు, పాడకుండా ఊరుకున్నవారు ముందు రోజు కలుసుకున్నారని విన్నాము, రుజువు మా దగ్గర లేదు. బాకీ నలభై ఆరు లక్షలని ప్రకటనలోనే ఉన్నది. ఆ తల్లి ఇప్పుడు కల్లూరు వైపు ఒక అద్దె గదిలో ఉన్నారు. మిగతా పది లక్షల కోసం కుమారుని పేర మళ్లీ కాగితం వచ్చింది.

చేతిలో సొమ్ము ఉండి, ముఫ్తీగారి సలహా తీసుకుని, నిజాయితీగా పాడదలచినవారు కాగితాల విషయంలోనూ కళ్లు తెరచి ఉండాలి. ఆస్తిని "ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే" అమ్ముతున్నామని ప్రతి ప్రకటనలోనూ ఉంటుంది. దాని అర్థం, తరువాత బయటపడే లోపాలకు బ్యాంకు బాధ్యత వహించదని. పాత యజమాని కట్టని కరెంటు బిల్లును కొత్త యజమాని నుంచి వసూలు చేయడానికి నిబంధనలు వీలు కల్పిస్తే అది చెల్లుతుందని 2023 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంటి పన్ను, నీటి పన్ను కూడా ముందే విచారించాలి. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో ముప్పై ఏళ్ల ఇ.సి. తీసి చూడాలి. ఇరవై రెండు-ఏ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉన్నదేమో చూడాలి. ఒకప్పుడు పేదలకిచ్చిన డీకేటీ పట్టా భూమి, దేవాదాయ భూమి, వక్ఫ్ భూమి అందులో చేరి ఉంటాయి. బ్యాంకు అప్పు ఇచ్చింది కనుక అన్నీ సరిగ్గానే ఉంటాయనుకోవడం పొరపాటు. వక్ఫ్ గెజిట్‌ను ప్రత్యేకంగా చూడమని ముస్లిం పాఠకులకు చెప్పవలసి రావడం బాధాకరం, అయినా చెబుతున్నాము. వక్ఫ్ ఆస్తికి అమ్మకం లేదు. వక్ఫ్ దుకాణాలకు, భూములకు బహిరంగ వేలంలో పాడుకునేది నిర్ణీత కాలపు కౌలు మాత్రమే. ఆ కౌలును కూడా రింగు కట్టి కారుచౌకగా కొట్టేసేవారు అనాథల సొమ్ము తింటున్నారని గుర్తించాలి.

నేల కూడా చూడాలి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పాతబస్తీ ఇళ్లలోకి వచ్చిన నీరు ఎంత ఎత్తున నిలిచిందో ఆ వీధి పెద్దలను అడిగితే గోడమీద చెయ్యిపెట్టి చూపిస్తారు. కడపలో బుగ్గవంక ఒడ్డువారికి 2020 నవంబరు జ్ఞాపకం ఉన్నది. బ్యాంకు ప్రకటనలో హద్దులు ఉంటాయి గాని వరద మట్టం ఉండదు.

ఇళ్లు కాక, లేఅవుట్లు వేయడానికి వేలంలో స్థలాలు కొనేవారు ఇప్పుడు బయలుదేరారు. 2023 ఆగస్టులో హైదరాబాదు కోకాపేటలో ఒక ఎకరా 100 కోట్ల 75 లక్షలకు పోయిందన్న వార్త వచ్చిన నాటినుంచి ఓర్వకల్లు దారిలో, కొప్పర్తి ప్రక్కన ప్రతి ఎర్రనేల చెక్కకూ రెక్కలు వచ్చాయి. అది ప్రభుత్వ సంస్థ తన భూమిని నేరుగా అమ్మిన వేలం, అక్కడ అప్పులవాడు లేడు, దానితో ఇక్కడి ధరలకు పోలిక లేదు. బ్యాంకు వేలంలోని పొలాల సంగతి వేరు. సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. రాళ్లు పాతి ప్లాట్లని చెప్పినా అది నిజానికి సాగులో ఉన్న భూమి అయితే రైతు వేలాన్ని సవాలు చేయవచ్చు. రెవెన్యూ కాగితంలో మెట్ట అని ఉన్నంత మాత్రాన చాలదు, నిజంగా సాగు జరుగుతున్నదా అన్నదే ముఖ్యమని 2023లో ఒక కేసులో సుప్రీంకోర్టు అన్నది. కనుక స్థలం కొనేవారు అడంగలుతో సరిపెట్టుకోక, వేసవిలో ఒకసారి, వానల తరువాత ఒకసారి పొలం గట్టున నిలబడి చూడాలి. శనగో కొర్రో మొలిచి ఉంటే ఆ భూమి వెనుక ఒక రైతూ ఒక వ్యాజ్యమూ ఉన్నట్టే.

ఇంతకంటే ముఖ్యమైన విషయం అప్పులవాడి చేతిలో ఉండే కాలం. కోర్టు డిక్రీ క్రింద జరిగే వేలంలో, పాట ముగిసిన తరువాత కూడా అరవై రోజులలో డిక్రీ బాకీని, కొన్నవారికి నూటికి అయిదు చొప్పున పరిహారాన్ని జమచేసి ఇంటివాడు అమ్మకాన్ని రద్దు చేయించుకోవచ్చు. సర్ఫేసీ వేలంలో అలా లేదు. 2016 సవరణ ప్రకారం, వేలం ప్రకటన వెలువడేలోగానే బాకీ కట్టి ఆస్తిని విడిపించుకునే హక్కు ఉంటుంది. 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దీనిని స్పష్టం చేసింది. ఆ తరువాత సొమ్ము తెచ్చినా ఇల్లు ఇచ్చి తీరాలని బ్యాంకును నిలదీయలేరు. మా మిత్రుడు జేబులోంచి తీసిన పత్రిక కాగితం అచ్చయిన రోజే ఆ తల్లి ఇంటికి గడువు ముగిసింది. మేము ఆమెను చూసి వచ్చి మస్జిదు కమిటీని కూర్చోబెట్టి చందాల మాట ఎత్తేటప్పటికే ఆలస్యమైంది. ఆ సంగతి న్యాయవాది చెప్పేదాకా మాకూ తెలియదు.

అందుకే సాయం చేయదలచినవారు కదలవలసిన సమయం మొదటి అరవై రోజులు. కాని ఆ రోజులలోనే కుటుంబాలు నోరు మూసుకుంటాయి. పిల్ల పెళ్లి సంబంధం చెడుతుందని, బంధువులలో చులకన అవుతామని నోటీసును బీరువాలో దాచిపెడతారు. కొన్ని ఇళ్లలో భర్త దాచిన నోటీసు సంగతి భార్యకే తెలియదు, గోడకు కాగితం అంటించిన రోజున తెలుస్తుంది. సహీహ్ ముస్లింలో ఒక సంఘటన ఉన్నది. కొన్న పండ్లతోటకు తెగులు తగిలి ఒక వ్యక్తి అప్పుల పాలైనప్పుడు, అతనికి దానం చేయమని ప్రవక్త (సఅసం) ప్రజలకు చెప్పారు. వారు ఇచ్చారు. అది బాకీకి సరిపోలేదు. అప్పుడు ఆయన అప్పిచ్చినవారితో, దొరికినది తీసుకోండి, అంతకుమించి మీకు లేదన్నారు. ఆ వరుస గమనించదగినది. మొదట ఊరు చేయి వేసింది. దివ్యఖుర్ఆన్ బఖరా అధ్యాయం 280వ వాక్యం కష్టంలో ఉన్న బాకీదారునికి వెసులుబాటు ఇవ్వమని అప్పిచ్చినవారికి చెబుతున్నది. తౌబా అధ్యాయం 60వ వాక్యం జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలలో రుణగ్రస్తులను చేర్చింది. మన జకాత్ రమజాను నెలలో చీరలుగా, రేషను కిట్లుగా పోతున్నది, మంచిదే. కాని రుణగ్రస్తుని వాటా ఎటు పోతున్నదో మన కమిటీల పుస్తకాలు తీసి చూస్తే తెలుస్తుంది. వడ్డీ కలిసిన బాకీకి జకాత్ ఎంతవరకు వాడవచ్చునో ముఫ్తీగారిని ముందే అడిగి పెట్టుకుంటే, అవసరం వచ్చిన రోజున వాదులాటతో అరవై రోజులు గడిచిపోవు.

ప్రతి బాకీనీ చందాతో తీర్చలేము. అలాంటప్పుడు ఇల్లు వేలానికి పోకముందే యజమాని తానే అమ్ముకోవడం మేలు. డిమాండు నోటీసు వచ్చిన తరువాత బ్యాంకు వ్రాతపూర్వక సమ్మతి లేకుండా ఆస్తిని అమ్మరాదు గాని, సమ్మతి అడిగి అమ్ముకోవచ్చు. కొనేవారు బాకీ మొత్తాన్ని నేరుగా బ్యాంకుకు కడతారు, బ్యాంకు దస్తావేజులు విడుదల చేస్తుంది, మిగిలిన సొమ్ము ఇంటివారికి చేరుతుంది. కొనేవారికి సాధారణ రిజిస్ట్రేషనుతో నిక్కమైన హక్కు వస్తుంది. పాట పాడే తొందర లేదు.

కడపలో ఒక కుటుంబానికి ఇలాగే జరిగింది. భర్త వ్యాపారానికి చేసిన అప్పు మిగిల్చి చనిపోయాడు. డిమాండు నోటీసు అందిన పదో రోజున ఆ సోదరి దానిని పొరుగున ఉన్న ఉపాధ్యాయురాలికి చూపించారు. ఆమె భర్త మస్జిదు కమిటీలో ఉన్నారు. న్యాయవాదితో ఉత్తరం వ్రాయించి, బ్యాంకుకు నాలుగుసార్లు తిరిగి, సమ్మతి తెచ్చారు. అదే మొహల్లాలో ఇల్లు వెదుకుతున్న ఒక మెకానిక్ కుటుంబం 38 లక్షలకు తీసుకుంది. బాకీ 27 లక్షలు పోయింది. మిగిలిన 11 లక్షలతో ఆ సోదరి ఊరి అంచున రెండు గదుల ఇల్లు కొనుక్కున్నారు. అప్పటికి జనవరి. పెద్దబ్బాయి పదో తరగతి. పరీక్షలు అయ్యేదాకా ఇల్లు ఖాళీ చేయవద్దని మెకానిక్ భార్యే వచ్చి చెప్పి వెళ్లింది. అద్దె మాట ఎవరూ ఎత్తలేదు. చివరి పరీక్ష ముగిసిన ఆదివారం నాడు ఆ అబ్బాయే తాళంచెవులు తీసుకువెళ్లి ఇచ్చి, బావి మోటారు ఎలా వేయాలో చూపించి వచ్చాడు.